నాన్నగారి పీడకలలు, నిద్రలో చేతులు విసరడం: మందుల వల్లేనా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం సారాంశం ముందు రాస్తాను. నాన్నగారికి 64 ఏళ్ళు. చాలాకాలంగా షుగరు, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటున్నారు. చేతి వణుకుకి ప్రొప్రనొలాల్ 40 రాశారు. రిటైరయ్యాక దిగులుగా ఉంటున్నారని ఆరు నెలల కిందట ఎస్సిటలోప్రామ్ 10 మొదలుపెట్టారు. అప్పట్నుంచీ పీడకలలు, కలవరింతలు, నిద్రలోనే చేతులు కాళ్ళు విసరడం. ఒక రాత్రి అమ్మగారి మొహానికి దెబ్బ తగిలింది. ఎవరో చెప్తే నాలుగు రోజుల కిందట ఎస్సిటలోప్రామ్ ఆపేశారు. కలలు తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి. గురక ఎప్పట్నుంచో ఉంది. "శనివారం రాత్రిళ్ళు మరీ దారుణం" అని చివర్లో ఒక్క ముక్క రాశారు. మందులన్నీ మానేస్తే ఇదంతా పోతుందా అని అడిగారు.

నేను సైకియాట్రిస్టుని, నిద్ర జబ్బులు కూడా చూస్తాను. మందుల పాత్ర ఉంది, కానీ మొత్తం ఒక్క మందు మీద తోసేయడానికి లేదు, కొంత భాగానికి మందులతో సంబంధమే ఉండకపోవచ్చు. మానేయడం మాత్రం పరిష్కారం కాదు. ఇప్పటికే ఆపినదాని గురించి రేపటిదాకా ఆగకుండా ఆ మందు రాసిన డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. మళ్ళీ మొదలుపెట్టాలా, తగ్గిస్తూ ఆపాలా, వేరేది ఇవ్వాలా అన్నది ఆయన నిర్ణయం. ప్రొప్రనొలాల్‌ని మాత్రం మీ అంతట మీరు అసలు ముట్టుకోకండి. దాన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగబాకుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఛాతీనొప్పి, కొందరికి గుండెపోటు కూడా వచ్చే ప్రమాదం ఉంది.

కలలు, మందుల గొడవలో నేను మొదట అడిగేవి రెండు: ఏ మందు ఏ తేదీన మొదలైంది, కల రాత్రి ఏ వేళకి వస్తోంది. కల ఏమిటన్నది ఆ తర్వాత. పాము కనిపించిందా, చనిపోయిన తమ్ముడు కనిపించాడా అన్నదాన్నిబట్టి మందు తేల్చలేం. తేదీనిబట్టి, గడియారాన్నిబట్టి చాలావరకు తేల్చగలం.

ఎందుకంటే రాత్రంతా ఒకే రకం నిద్ర ఉండదు. సుమారు 90 నిమిషాలకొక చక్రం తిరుగుతుంది. ప్రతి చక్రం చివరా రెమ్ నిద్ర వస్తుంది: కనురెప్పల కింద కళ్ళు గబగబా కదులుతుంటాయి, మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, ఒంటి కండరాలు మాత్రం పూర్తిగా వదులైపోతాయి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ దీన్ని మొదట ప్రకటించారు. కథలా సాగే కలలు ఎక్కువగా ఈ దశలోనివే. పెద్దవాళ్ళ నిద్రలో ఇది 20 నుంచి 25 శాతం, అందులోనూ ఎక్కువ భాగం రాత్రి రెండో సగంలో. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్ళలో అంటారు. నిజమవడం సంగతి నేను చెప్పలేను గానీ, ఆ కలే ఎందుకు గుర్తుంటుందో చెప్పగలను. అప్పుడు రెమ్ నిద్ర అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది, అందులోంచే నేరుగా మెలకువ వస్తుంది. కల గుర్తుండాలంటే కలలోనో, అది అయిన వెంటనేనో మెలకువ రావాలి. నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళు "రాత్రంతా కలలే డాక్టరుగారూ" అనడానికి ఒక కారణం అదే. వాళ్ళకి కలలు అందరికన్నా ఎక్కువ వస్తున్నాయని కాదు, నిద్ర మాటిమాటికీ తెగిపోవడం వల్ల ప్రతి కలా గుర్తుండిపోతోంది.

ఇక ఎస్సిటలోప్రామ్. ఈ జాతి మందులు (సెర్‌ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్, పారోక్సెటిన్ కూడా) మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతాయి. సెరటోనిన్ పెరిగితే రెమ్ నిద్ర ఆలస్యంగా మొదలవుతుంది, మొత్తం మీద తగ్గుతుంది. మరి కలలు తగ్గాలి కదా అంటారు. కొందరికి తగ్గుతాయి కూడా. కానీ ఇవే మందులు నిద్రని కాస్త పలచన చేస్తాయి, మధ్యలో మెలకువలు తెస్తాయి. అందుకని వచ్చిన కొన్ని కలలూ రంగులతో, వివరాలతో గుర్తుండిపోతాయి. మందు ఒక్కసారిగా ఆపితే కథ తిరగబడుతుంది. నెలలపాటు అణిగి ఉన్న రెమ్ నిద్ర బాకీ వసూలుకి వచ్చినట్టు ఎగదన్నుకొస్తుంది. త్వరగా మొదలవుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, కలలు ఉధృతంగా వస్తాయి. ఎస్సిటలోప్రామ్ అర్ధాయువు (ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గే సమయం) సుమారు 30 గంటలు. అంటే ఆపిన రెండు మూడు రోజులకి ఒంట్లో మందు బాగా తగ్గిపోతుంది. నాలుగు రోజుల్లో కలలు పెరిగాయన్న మీ లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. తగ్గకపోవడం చూసి "అయితే ఆ మందు వల్ల కాదన్నమాట" అనుకోవద్దు, "మందు లేకపోతే జబ్బు ముదిరింది" అనీ అనుకోవద్దు. ఆపిన తీరు వల్ల వచ్చిన తిప్పలు ఇవి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఒంట్లోంచి ఇంకా త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఇది మరింత గట్టిగా తగులుతుంది. ఫ్లుఓక్సెటిన్ నెమ్మదిగా దిగుతుంది, దానితో తక్కువ.

ఇదంతా కలల సంగతి. చేతులు విసరడం వేరే సంగతి, నన్ను అసలు ఆలోచింపజేసింది అదే.

రెమ్ నిద్రలో కండరాలు వదులైపోతాయన్నాను కదా. కలలో పరిగెత్తినా మంచం మీద కాలు కదలకుండా ఉండేది అందువల్లే. ఆ కట్టు సడలితే మనిషి కలని చేతల్లో చూపిస్తాడు: అరుస్తాడు, గుద్దుతాడు, తంతాడు, మంచం మీంచి దూకుతాడు. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి "దొంగ వచ్చాడు, పట్టుకుంటున్నాను" అని కల చెప్తాడు. దీన్ని రెమ్ నిద్రా ప్రవర్తన సమస్య అంటాం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ 1986లో దీన్ని విడి జబ్బుగా వర్ణించారు. సెరటోనిన్ పెంచే మందులు ఈ కట్టుని సడలించగలవు. మీ నాన్నగారి తేదీలు అటువైపే చూపిస్తున్నాయి.

అయితే యాభై దాటిన మనిషిలో ఇది మొదలైతే మందు మీద పెట్టేసి చేతులు దులుపుకోకూడదు. వేరే కారణమేదీ లేకుండా వచ్చి, నిద్ర పరీక్షలో ఖాయమైనవాళ్ళలో చాలామందికి ఏళ్ళు గడిచాక పార్కిన్సన్స్ (వణుకు తెచ్చి, కదలికలు మందగింపజేసే) జబ్బో, దాని దగ్గరి చుట్టమైన లెవీ బాడీ మతిమరుపో బయటపడుతుంది. పలు దేశాల నిద్ర కేంద్రాలు కలిసి 1,280 మందిని గమనించి 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం 12 ఏళ్ళలో ఇలా అయినవాళ్ళు దాదాపు నాలుగింట మూడు వంతులు. ఈ అంకె చూసి కంగారుపడకండి. డిప్రెషన్ మందుల మీద మొదలైనవాళ్ళకి ఈ ముప్పు తక్కువ. తక్కువే గానీ, లేకపోలేదు. మందు కొన్నిసార్లు లోపల దాగి ఉన్నదాన్ని ముందుగా బయటపెడుతుంది కూడా.

అందుకే చేతి వణుకు గురించి అడుగుతున్నాను. మీరు దాన్ని పాత సంగతిలా ఒక్క వాక్యంలో రాశారు. ఇవాళ సాయంత్రం నాన్నగారు టీవీ చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు గమనించండి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికి, కాఫీ గ్లాసు అందుకోగానే తగ్గితే అది పార్కిన్సన్స్ తరహా. ఊరికే ఉన్నప్పుడు నిలకడగా ఉండి, గ్లాసు నోటి దాకా తెచ్చేటప్పుడో సంతకం పెట్టేటప్పుడో వణికితే మరో రకం. ప్రొప్రనొలాల్ సాధారణంగా ఇచ్చేది ఈ రెండోదానికే. ఒక చేతికేనా, రెండు చేతులకా? ఇంగువ పోపు వాసన, అగరుబత్తి వాసన ఇదివరకటిలా తెలుస్తోందా? కొన్నేళ్ళుగా మలబద్ధకం ఉందా? అక్షరాలు చిన్నవైపోతున్నాయా? వీటికీ ఆ జబ్బుకీ సంబంధం ఉండొచ్చు కాబట్టి, ఇవి కాగితం మీద రాసి న్యూరాలజిస్టుకి చూపించండి. నాన్నగారి ముందు "పార్కిన్సన్స్" అనే మాట ఇప్పుడే ఎత్తకండి. ఇంకా ఏమీ తేలలేదు, దిగులుకి మందు వాడుతున్న మనిషి.

గురక గురించి. గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉంటే, అది రెమ్ నిద్రలో ఇంకా ముదురుతుంది, అప్పుడు గొంతు కండరాలూ వదులవుతాయి కాబట్టి. ఊపిరాడక ఉలిక్కిపడి లేచేటప్పుడు చేతులు విసరడం, అరవడం చూస్తే అచ్చం పైన చెప్పిన జబ్బులాగే ఉంటుంది. చూసి తేల్చడం నాలాంటివాళ్ళకీ కష్టం. నీళ్ళలో మునిగిపోతున్నట్టు, ఎవరో గొంతు పిసుకుతున్నట్టు కలలు వస్తున్నాయని వీళ్ళలో కొందరు చెప్తారు. ఆప్నియా తేలి సీపాప్ మిషన్ (మాస్కులోంచి గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా చూసేది) పెడితే పీడకలలు చాలామందికి తగ్గుతాయి. కానీ మిషన్ పెట్టిన మొదటి కొన్ని రాత్రుల్లో, చాలాకాలానికి తెగని నిద్ర దొరికి రెమ్ నిద్ర ఒక్కసారిగా పెరగడం వల్ల, కలలు విపరీతంగా రావచ్చు. అది చూసి మిషన్ అటకెక్కించేవాళ్ళున్నారు. ఓ వారం ఓపిక పట్టమని ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఇక మీ శనివారం. నాన్నగారు శనివారం ఒంటిపూట ఉంటారా? రాత్రి భోజనం మానేసి, ఏ అరటిపండో, పాలో తీసుకుని పడుకుంటూ, షుగరు మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకుంటున్నారా? అలాగైతే శనివారం రాత్రి పీడకలకి మెదడు కన్నా ముందు అనుమానించాల్సింది షుగరు పడిపోవడాన్ని. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని వదిలిస్తూనే ఉంటుంది. నిద్రలో షుగరు 70 కన్నా దిగితే పీడకలలు, కలవరింతలు, ఒళ్ళంతా చెమట, పొద్దున లేవగానే తలనొప్పి, దిమ్ముగా ఉండటం లాంటివి వస్తాయి. పైగా ఇక్కడ ప్రొప్రనొలాల్ ఉంది. షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు వచ్చి మనిషిని హెచ్చరించాలి. ప్రొప్రనొలాల్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. పైకి కనిపించే గుర్తుల్లో ముఖ్యంగా మిగిలేది చెమట. కాబట్టి అమ్మగారిని అడగండి: శనివారం రాత్రి బనియన్ తడిసిపోతోందా? ఈ శనివారం అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి ఒకసారి, నిద్రలో అరిస్తే అప్పుడోసారి గ్లూకోమీటరుతో చూడండి. 70 లోపు ఉంటే, పూర్తి తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. మింగలేని మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఉపవాసం మానమని నేను అనను. ఉపవాసం రోజు మాత్ర ఎలా వేసుకోవాలో షుగరు డాక్టరుగారిని అడగకుండా మాత్రం ఉండొద్దు. ఆ మాట పండగ ఉపవాసాలకీ, రంజాన్‌కీ కూడా వర్తిస్తుంది.

ప్రొప్రనొలాల్ మీద ఇంకో మాట. బీటా బ్లాకర్లలో (బీపీ, గుండె వేగం తగ్గించే మందుల జాతి) కొవ్వులో కరిగేవి, అంటే ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్, మెదడులోకి తేలిగ్గా వెళ్తాయి. అందుకే వీటితో పీడకలల ఫిర్యాదు ఎక్కువ. నీళ్ళలో కరిగే అటెనొలాల్‌తో తక్కువ. బీటా బ్లాకర్లు రాత్రిపూట మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌నీ తగ్గిస్తాయి. మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్ వాడే ఆడవాళ్ళు ఎంతోమంది, అడిగితే గానీ కలల సంగతి చెప్పరు. తలనొప్పి మందుకీ కలకీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది?

ఇదే ప్రశ్న వేరే మందుల మీదా చాలామంది అడుగుతుంటారు కాబట్టి వాటినీ ఇక్కడే చెప్పేస్తాను. పిల్లలకి జలుబు, ఆయాసానికి రాసే మాంటెలూకాస్ట్: పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో మందు సమాచార పత్రంలో గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర ఇది లెవోసెట్రిజిన్‌తో కలిపి జలుబు మాత్రలా అమ్ముడుపోతోంది, అమ్మానాన్నలకి ఆ హెచ్చరిక చెప్పేవాళ్ళు అరుదు. మందు మొదలైన వారంలో పిల్లవాడు రాత్రిళ్ళు ఏడుస్తూ లేస్తుంటే డాక్టరుకి చెప్పండి. అయితే చిన్నపిల్లలు పడుకున్న గంటా గంటన్నరకి కేక పెట్టి లేచి, ఎవర్నీ గుర్తుపట్టక, పొద్దున్నకి ఏమీ గుర్తులేదంటే అది పీడకల కాదు. గాఢనిద్రలోంచి వచ్చే నిద్రా భయం. చాలావరకు ఎదిగేకొద్దీ పోతుంది. మతిమరుపుకిచ్చే డోనెపెజిల్ రాత్రి వేసుకుంటే భయంకరమైన కలలు వస్తాయి. పొద్దుటికి మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది. సిగరెట్ మానడానికి వాడే నికొటిన్ పట్టీ రాత్రంతా ఉంచుకుంటే కలలు రంగులు తేలతాయి, పడుకునే ముందు తీసేయొచ్చేమో అడగండి. అదే పనికి వాడే వరెనిక్లిన్ మాత్రతోనూ ఇలాంటి కలలు రావచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉదయమే వేసుకోమనడానికి ఒక కారణం నిద్ర చెడుతుందని. హెచ్ఐవీ చికిత్సలో ఎఫావిరెంజ్ ఉన్న రోజుల్లో కలల గురించి వినని కౌన్సెలర్ ఉండరు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే ఒంట్లో మందు మోతాదు పెరుగుతుంది కాబట్టి పరగడుపున వేసుకుని పడుకోమనేవాళ్ళం. ఇప్పుడు దాని స్థానంలో డోలుటెగ్రావిర్ వచ్చింది. మూలికలైతే ఏమీ కాదనుకునేవాళ్ళ కోసం: సర్పగంధి వేరులోంచి 1952లో వేరుచేసిన రిజర్పిన్‌ని బీపీకి విరివిగా వాడిన కాలంలో దాని దుష్ఫలితాల్లో దిగులు, పీడకలలు రెండూ ఉండేవి.

నిద్రమాత్రలు, మందు పెగ్గు ఒకే బాపతు. రాత్రి రెండు పెగ్గులు వేసుకుంటే మొదటి సగం మొద్దునిద్ర, రెమ్ తొక్కుకుపోతుంది. మందు దిగేసరికి, అంటే రాత్రి రెండు మూడు గంటలకి, అది తిరగబడి చెమటలు, పీడకలలు, మెలకువ. అల్ప్రాజొలామ్, క్లొనజెపామ్ కూడా రోజూ వాడి హఠాత్తుగా ఆపితే అదే గతి, పెద్ద మోతాదు వాడినవాళ్ళకి ఫిట్స్ కూడా రావచ్చు. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "పాత చీటీ ఉంది" అంటే ఇచ్చే షాపులున్నాయి. నాన్నగారికి అరుపులు తగ్గుతాయని ఎవరైనా క్లొనజెపామ్ తెచ్చిస్తే వేయకండి. నిజమే, రెమ్ నిద్రా ప్రవర్తనకి అది వాడతాం. కానీ లోపల ఆప్నియా ఉందేమో తెలియకుండా వేస్తే ఊపిరి ఇంకా ఆగుతుంది, ఈ వయసులో రాత్రి బాత్రూముకి లేచి తూలి పడితే తుంటి విరుగుతుంది. ఆయన పరిస్థితిలో ముందు ఆలోచించేది మెలటోనిన్. దాని మోతాదు కూడా డాక్టరే చెప్పాలి.

పరీక్షలన్నీ అయ్యేలోపు చేయాల్సినవి. అమ్మగారిని వేరే మంచం మీద పడుకోబెట్టండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. నాన్నగారి మంచం పక్కన గాజు బల్ల, ఫ్యాను, ఇనప బీరువా మూల లాంటివి ఉంటే జరపండి. మంచం ఎత్తుగా ఉంటే పరుపు నేల మీద వేయండి. ఫోన్‌ని గూట్లో నిలబెట్టి రాత్రి రెండో సగం వీడియో తీయండి. డాక్టరుకి మీరు పది నిమిషాలు చెప్పేదానికన్నా అర నిమిషం వీడియో ఎక్కువ చెప్తుంది. అరుస్తున్నప్పుడు గట్టిగా పట్టుకుని ఆపొద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. పొద్దున్నే ఒక నోటుపుస్తకంలో ఆ రాత్రి ఎన్ని గంటలకి జరిగింది, సాయంత్రం ఏం తిన్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, లేచాక కల చెప్పగలిగారా లేదా అన్నవి రాయండి.

మందులు సర్దుబాటు చేశాక కూడా ఒకే పీడకల పదేపదే వస్తే దానికి మాత్ర లేని వైద్యం ఉంది. పగటిపూట మెలకువలో ఆ కలని రాసుకుని, దాని నడకని తనకి నచ్చినట్టు మార్చి, కొత్త కథని రోజూ పది ఇరవై నిమిషాలు మనసులో తిప్పుకోవడం. అమెరికాలో బారీ క్రాకోవ్ బృందం లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న మహిళలకి ఇది నేర్పి, ఉపయోగపడిందని 2001లో ప్రచురించింది. మాటకి, కల దొంగతో మొదలైతే, ఆ వచ్చినవాడు దారి తప్పి మంచినీళ్ళడగడానికి వచ్చాడని రాసుకోవచ్చు. నవ్వొచ్చేలా ఉన్నా పర్వాలేదు, పనిచేస్తుంది. పాత గాయాల పీడకలలకి ప్రాజోసిన్ అనే బీపీ మందు కూడా ఇస్తారు. ముందు చిన్న పరీక్షల్లో బాగుందనిపించినా, 2018లో మాజీ సైనికుల మీద వచ్చిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మాత్రని మించలేదు. మీ నాన్నగారికి అది నేను ఎంచుకోను, ప్రొప్రనొలాల్‌తో కలిస్తే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి.

నిద్ర పరీక్ష రాస్తే, ఇంటికి పంపే చిన్న మిషన్‌తో సరిపెట్టొద్దని అడగండి. అది ఊపిరినీ ఆక్సిజన్‌నీ చూస్తుంది గానీ, రెమ్ నిద్రలో కండరం సడలిందో లేదో చెప్పలేదు. ల్యాబులో ఒక రాత్రి పడుకుని చేసే, వీడియోతో, గడ్డం కింద, చేతులకీ కాళ్ళకీ తీగలతో తీసే పూర్తి పరీక్ష కావాలి. రోజూ వేసుకునే మాత్రలు డాక్టరు ఆపమంటే తప్ప యథావిధిగా వేసుకుని వెళ్ళాలి. నాన్నగారి లుంగీ, తలగడ తీసుకెళ్ళనిస్తారు. ఆ రోజు మధ్యాహ్నం కునుకు తీయొద్దని, సాయంత్రం కాఫీ తాగొద్దని చెప్పండి. తలంటుకుని వెళ్ళాలి, ఆ తర్వాత కొబ్బరినూనె రాయకూడదు. నూనె ఉంటే తలకి అతికించే తీగలు నిలవవు.